కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి

ఎన్నికల నాడు ఊరు చూడడం వేరు, ఆ సందడి సద్దుమణిగాక చూడడం వేరు. పెళ్ళివారు వెళ్ళిపోయాక గాని ఇల్లు ఎంత విశాలమైనదో తెలియదు గదా! అందుకే జెండాలూ, మైకులూ లేని ఒక ఉదయం నేను కామారెడ్డిలో రైలు దిగాను.

స్టేషను బయట టీ కొట్టు దగ్గర నిలబడి, ఇక్కడ చూడదగ్గదేమిటని అడిగాను. దోమకొండ కోట పేరు చెబుతాడనుకున్నాను. కొట్టువాడు నవ్వి, “ఇద్దరు పెద్దోళ్ళను ఒక్కపారే ఓడగొట్టినం సార్! గంతకంటె ఏం జూస్తరు?” అన్నాడు.

అతని గర్వం ఉత్తది కాదు. 2023 శాసనసభ ఎన్నికలలో ఇక్కడ అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, కాంగ్రెస్ రాష్ట్రాధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ చేశారు. డిసెంబరు 3న లెక్క తేలేసరికి గెలిచినవారు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి, స్థానికుడు కాటిపల్లి వెంకటరమణారెడ్డి. చంద్రశేఖరరావు మీద ఆయన ఆధిక్యం 6,741 ఓట్లు. మూడవ స్థానంలో నిలిచిన రేవంత్ రెడ్డి కొడంగల్‌లో గెలిచి, నాలుగు రోజులకే ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ గెలుపు వెనుక ఒక కన్నీటి కథ కూడా ఉన్నది. పట్టణానికి వేసిన మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని చుట్టుపక్కల రైతులు భయపడ్డారు. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఊరు భగ్గుమన్నది. వెంకటరమణారెడ్డి ఆ రైతుల పక్షాన నిలిచారు. ఆ నెలలోనే పురపాలక సంఘం ప్లాన్‌ను రద్దు చేయాలని తీర్మానించింది. కాగితం మీద గీసిన గీత రైతుకు గీత కాదు, గుండె మీద కోత!

మధ్యాహ్నం ఎల్లారెడ్డి బస్సెక్కాను. నా పక్కన ఒక అవ్వ కూర్చున్నది. కండక్టరుకు ఆధారు కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుని కొంగున ముడివేసుకున్నది. ఫలితాలు వచ్చిన ఆరు రోజులకే, 2023 డిసెంబరు 9న, మొదలైన ఉచిత ప్రయాణం అది. ఓటుకు ఇంత త్వరగా జవాబు రావడం అరుదే.

“పెద్ద ఓటు ఎక్కడి ఎంపీకి వేస్తావవ్వా?” అన్నాను.

“జహీరాబాదంట బిడ్డా. నేనెన్నడు సూడలే.”

నిజమే. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన జహీరాబాద్ పార్లమెంటు స్థానంలో ఏడు శాసనసభా నియోజకవర్గాలున్నవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ ఈ జిల్లావి. నారాయణఖేడ్, ఆందోల్, జహీరాబాద్ సంగారెడ్డి జిల్లావి. ఇక్కడివారికి ఆ ఊరు పేరే గాని దారి కాదు.

2009లో కాంగ్రెస్ తరఫున సురేష్ షెట్కార్ గెలిచారు. 2014లో ఆయనను బి.బి. పాటిల్ తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున ఓడించారు. 2019లో పాటిల్‌కే మళ్ళీ విజయం దక్కింది గాని, కాంగ్రెస్ అభ్యర్థి మదన్ మోహన్ రావు మీద మిగిలిన ఆధిక్యం 6,229 ఓట్లు మాత్రమే. 2024లో పాటిల్ భారతీయ జనతా పార్టీలోకి మారి పోటీ చేయగా, షెట్కార్ 46,188 ఓట్ల ఆధిక్యంతో ఆ స్థానం తిరిగి దక్కించుకున్నారు. 2019లో ఓడిన మదన్ మోహన్ రావు ఇప్పుడు వెళుతున్న ఈ ఎల్లారెడ్డిలోనే 2023లో శాసనసభ్యులయ్యారు.

లింగంపేట దాటాక బస్సులో కూర్చునే నేనొక లెక్క వేశాను. 6,229 ఆధిక్యమంటే, అటువైపు వేసినవారిలో 3,115 మంది ఇటు వేసి ఉంటే ఫలితం తలక్రిందులయ్యేది. ఇటువంటి బస్సులు అరవై మూడు నిండితే చాలు! ఏడు నియోజకవర్గాలకు పంచితే ఒక్కొక్క దానికి తొమ్మిదేసి బస్సులు. పొలాల మధ్య నుంచి వచ్చి ఎక్కిన ఈ జనమే ఢిల్లీకి ఎవరు వెళ్ళాలో తేల్చారన్నమాట.

ఈ మాట చెబితే అవ్వ కాసేపు బస్సంతా కలయజూసింది.

“గిట్లాంటియి అరవై మూడేనా?”

“అంతే అవ్వా.”

“మరి నా ఓటు ఒక్కటే గదా అనుకుంటి. ఎండల రెండు గంటలు నిలబడి, ఉట్టిగనే పాయెననుకున్న.”

ఎల్లారెడ్డి వచ్చింది. అవ్వ చేతిసంచీ సర్దుకుని మెల్లగా మెట్లు దిగింది. దిగి, మళ్ళీ కిటికీ దగ్గరకు వచ్చి, “జహీరాబాదు పోతవా బిడ్డా? పోతే సూసొచ్చి జెప్పు, గా ఊరు గెట్లుంటదో” అన్నది.

తనకు తెలియని ఊరి పేరున తన గొంతును ఢిల్లీకి పంపుతున్న మనిషి ఆమె. ఆ గొంతు అక్కడ వినిపించిందో లేదో అడిగే హక్కు కూడా ఆమెదే. జహీరాబాదు వెళ్ళి చూసివస్తానని ఆమెకు మాట ఇచ్చాను.