మెదక్ చర్చిలో అత్తమ్మ

అత్తమ్మకూ నాకూ ఎప్పుడు గొడవైనా అన్నం దగ్గరే. మిగతా విషయాల్లో మేం బాగానే ఉంటాం. రాత్రి మిగిలిన అన్నం పారేయనివ్వదు. పొద్దున పోపు వేస్తుంది. అది కూడా మిగిలితే ఉప్పు, కారం, జీలకర్ర కలిపి డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెడుతుంది. కంచంలో నాలుగు మెతుకులు వదిలితే మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడని కూడా చూడదు, కూచోబెట్టి తినిపిస్తుంది.

ఈ సంక్రాంతికి ముందు మా చెల్లెలి అత్తగారివాళ్ళు వచ్చారు. బాన్సువాడలో ఇల్లు కట్టుకున్నాక మొదటిసారి రావడం కాబట్టి డాబా పైనుంచి ఊరు చూపిద్దామని తీసుకెళ్ళాను. అక్కడ చీర మీద రెండు రోజుల అన్నం, దాని మీద కాకులు. వాళ్ళేమీ అనలేదు. నాకే ముఖం ఎర్రబడింది. వాళ్ళు వెళ్ళిపోయాక వంటింట్లో అనేశాను: "మనకేం కరువొచ్చిందా అత్తమ్మా?"

ఆమె బదులు చెప్పలేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మూడో రోజు ఇంగ్లాండ్ నుంచి మా ఆడబిడ్డ కూతురు ఫోటోలు పంపింది. ఆ పిల్ల లింకన్ అనే ఊళ్ళో చదువుతోంది. ఆ ఊళ్ళో గుట్ట మీద పెద్ద కెథడ్రల్ ఉంది, దానికెదురుగా కోట. కిందినుంచి పైకి రాళ్ళు పరిచిన నిట్రమైన వీధి, అటూ ఇటూ వంగిపోయిన పాత ఇళ్ళు, పుస్తకాల కొట్లు, టీ కొట్లు. ఆ వీధి పేరే నిటారు గుట్ట అట, స్టీప్ హిల్. 1072లో మొదలుపెట్టారనీ, 1185లో భూకంపానికి పగిలితే మళ్ళీ కట్టారనీ, 1311 నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన కట్టడమే లేదనీ, 1548లో దాని శిఖరం కూలిపోయిందనీ వాయిస్ మెసేజ్ పెట్టింది. చదువుకునే పిల్లలకు చెప్పే ఉత్సాహం ఎక్కువ కదా.

నేను ఫోను పట్టుకెళ్ళి అత్తమ్మకు చూపించాను. రాజీకి అదొక వంక అనుకోండి. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది మన మెదక్ గుడి లెక్కనే ఉంది," అంది. కాసేపాగి, "నన్నొకసారి ఆడికి తీస్కపోతరా?" అంది.

నాకు పెళ్ళై ఇరవై నాలుగేళ్ళు. ఆమె పుట్టిల్లు మెదక్ అవతల ఒక మెట్ట పల్లె. పెళ్ళిళ్ళకీ చావులకీ మెదక్ మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాం. ప్రతిసారీ దూరంనుంచి ఆ చర్చి గోపురం కనబడేది. "లోపలికి పోదామా అత్తమ్మా" అంటే "మనకెందుకు, టైమైతుంది" అనేది. మడీ తడీ ఉన్న మనిషి కాబట్టి ఇష్టం లేదేమో అనుకుని వదిలేసేదాన్ని.

ఆదివారం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి శనివారం పెట్టుకున్నాం. పులిహోర, రెండు డబ్బాల చపాతీ, అత్తమ్మకు పెరుగన్నం. మా ఆయన, అబ్బాయి, మేమిద్దరం. ఎల్లారెడ్డి దాటి పోచారం చెరువు దగ్గర ఆగి తిన్నాం. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. అత్తమ్మ చపాతీ సగమే తిని మిగతా సగం కాగితంలో చుట్టి కొంగున కట్టుకుంది. నేను అటు చూడనట్టే ఊరుకున్నాను.

మెదక్ చర్చి ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. దాన్ని కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లీషు పాస్టరు. 1890ల చివర్లో మెదక్ వచ్చాడు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రార్థనలకు తెరిచారు. గోపురం 175 అడుగులు. లోపల వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. ఐదు వేల మంది కూచోవచ్చంటారు. కొనదేరిన కమానులు, పొడవాటి కిటికీలు, పైకి లాగినట్టుండే గోపురం, అంతా మా పిల్ల పంపిన ఫోటోల్లోని తీరే. కాకపోతే రాయి మన రాయి, బూడిద రంగు గ్రానైటు. ఆ గుడి అయ్యేటప్పటికి వాళ్ళకు వందల ఏళ్ళు పట్టింది, ఇక్కడ పదేళ్ళు. ఆ పదేళ్ళలో అంత రాయి, అంత సున్నం ఎవరు మోశారని నేనెప్పుడూ ఆలోచించలేదు. చదివింది మాత్రం గుర్తుంది: కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టడానికి మొదలుపెట్టారని. బడి పుస్తకంలో వాక్యం లాగా గుర్తుందంతే.

మా అబ్బాయికి చర్చి ఐదు నిమిషాల్లో అయిపోయింది. కోట చూస్తానన్నాడు. తండ్రీ కొడుకూ కార్లో అటు వెళ్ళారు. మేమిద్దరం మిగిలాం.

అత్తమ్మ గుడి మెట్ల దగ్గరలాగే చెప్పులు విడిచి, గడపకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని లోపలికొచ్చింది. లోపల చల్లగా ఉంది. నేల మీద రంగు రంగుల పలకలు, బ్రిటన్ నుంచి తెప్పించినవట. ఎదురుగా పీఠం వెనక రంగు అద్దాల కిటికీలో ఏసుక్రీస్తు పైకి వెళ్తున్న బొమ్మ. రెండు పక్కలా ఇంకో రెండు కిటికీలు, ఒకదాంట్లో పుట్టుక, ఒకదాంట్లో సిలువ. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. ఒక్కసారే పెట్టలేదు, 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటి. బయటి వెలుతురు లోపలికి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దుగూకితే నల్లటి అద్దమే. కాబట్టి మీరెవరైనా వెళ్తే పొద్దున వెళ్ళండి, లైట్లేసి చూపిస్తారులే అనుకోకండి. క్రిస్మస్‌కి వెళ్తే కిటికీలు కాదు, ముందువాళ్ళ తలలే కనిపిస్తాయి.

నేను తలెత్తి కిటికీలు చూస్తుంటే అత్తమ్మ ఒక స్తంభం దగ్గర ఆగిపోయింది. దానికి అరచెయ్యి ఆనించి, కిందినుంచి పైకి చూస్తోంది. మోకాళ్ళ నొప్పేమో అని దగ్గరికెళ్ళి బెంచీ మీద కూచోబెట్టాను.

"మా అమ్మమ్మ ఈడ సున్నం మోసింది," అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"పన్నెండేండ్ల పిల్లనంట అప్పుడు. వానల్లేవు. ఊర్ల సగం మంది జ్వరాలతోని పోయిండ్రు. వాళ్ళ నాయిన గూడ పోయిండు. తల్లీ బిడ్డలు నడుసుకుంట ఈడికొచ్చిండ్రు. పొద్దంత మోస్తే కూడు పెడుతుండెనంట. తల్లి తన పాలు సగం కొంగుల కట్టి, ఊర్లున్న ముసలామెకు తీస్కపోతుండెనంట."

నాకు ఆ కాగితంలో చుట్టిన చపాతీ గుర్తొచ్చింది.

లెక్క వేసుకున్నాను. అత్తమ్మకు ఇప్పుడు డెబ్బై ఆరు. వాళ్ళ అమ్మమ్మకు పన్నెండేళ్ళంటే 1918 ఆ ప్రాంతం. దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా జ్వరంతో లక్షల మంది పోయిన ఏడు, వానలు మొహం చాటేసిన ఏడు.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"ఏమని చెప్తా? కూటికి పోయినోళ్ళు అంటుండ్రి ఊర్ల. మతం మారినోళ్ళను అన్నరు, మారనోళ్ళను గూడ అన్నరు. మా అమ్మమ్మ మారలే. మారినా తప్పేముండె, అన్నం పెట్టినోళ్ళు వాళ్ళే గద. అయినా మా అమ్మ పెండ్లికి ఆ మాట లేసింది. నా పెండ్లప్పుడు మా అమ్మ నా నోరు కుట్టేసింది. కాల్వ కింది భూములోళ్ళు మీ మామయ్యోళ్ళు. వరి అన్నం తినేటోళ్ళు. గింజి మోసిన ఇంటి పిల్లనని తెలిస్తే ఏమంటరో అని. మీ మామయ్యకు గూడ చెప్పలే. పోయేదాక చెప్పలే."

మా బాన్సువాడ చుట్టుపక్కల వరి అంతా నిజాంసాగర్ నీళ్ళదే. మంజీర మీద ఆ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇక్కడ మెదక్‌లో గోపురం లేస్తున్న రోజుల్లోనే అక్కడ మా నీళ్ళకు పునాదులు పడుతున్నాయి. కాలువ వచ్చాకే మా వైపు రెండు పంటలు. ఆమెను నీళ్ళున్న ఊరికి ఇవ్వాలని వాళ్ళమ్మ పట్టుబట్టిందన్న మాట మా ఇంట్లో నవ్వుతాలుగా చెప్పుకునేవాళ్ళం. 'నీళ్ళు చూసి ఇచ్చారు, పిల్లగాణ్ణి చూసి కాదు' అని మామయ్య కూడా నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో ఎవరం అడగలేదు.

"నువ్వన్నవు గద, కరువొచ్చిందా అని," అంది. గొంతులో కోపం లేదు. "మంచిగనే అన్నవు. మనకు రాలే. అందుకే నాకు చూడబుద్ధైంది."

ఆమె చెయ్యి పట్టుకుని కూచున్నాను. క్షమించమని నోటితో అనలేకపోయాను. మా అత్తాకోడళ్ళకు ఆ అలవాటు లేదు. మెదక్‌కు ఆ పేరు మెతుకు నుంచి వచ్చిందంటారు. మెతుకు సీమ అనేది ఇదే. ఆ మాట చిన్నప్పటి నుంచీ విన్నదే, ఆ పూట మాత్రం అక్కడ కూచుని దాన్ని తలుచుకుంటే గొంతు పట్టుకుంది.

బయటికొచ్చే ముందు ఆమె కొంగుముడి విప్పి పది రూపాయల నోటు తీసి హుండీ లాంటి పెట్టెలో వేసింది. ఇంకో పది తీసి, "ఇది అమ్మమ్మది" అని వేసింది.

మా ఆయన కారు తీసుకొచ్చాక కోట కింద పాత ఊళ్ళోకి వెళ్ళాం. కోట కాకతీయుల నాటిది, తర్వాత కుతుబ్‌షాహీల చేతికొచ్చింది, పైన వాళ్ళ కాలపు మసీదు కూడా ఉంది. అత్తమ్మ కార్లోనే కూచుంది. నేను మొదటి దర్వాజ దాకా ఎక్కాను, రాతి మీద గండభేరుండం బొమ్మ చూశాను, ఇంకొన్ని మెట్లు ఎక్కి ఆయాసపడి ఆగిపోయాను. వెనక్కి తిరిగితే కింద ఊరు. గూన పెంకుల ఇళ్ళు కొన్ని, వాటి మధ్య కొత్త స్లాబులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన చీరలు. వాటన్నిటి అవతల తెల్లగా ఆ గోపురం. లింకన్‌లో కోటా గుడీ ఎదురెదురుగా ఉన్నాయని ఆ పిల్ల మురిసిపోయింది. మనకూ ఉన్నాయి, మధ్యలో ఒక ఊరు ఎడం, అంతే. పన్నెండేళ్ళ పిల్ల తలమీద సున్నం తట్టతో ఈ కోట వైపు ఎన్నిసార్లు చూసి ఉంటుందో.

తిరుగు ప్రయాణంలో ఫోటోలు మనవరాలికి పంపుతుంటే, స్తంభం పక్కన అత్తమ్మ నిలబడి ఉన్నది చూసి నేనే అడిగాను. "దీనికింద ఏమని రాయమంటావు?"

ముందు సీట్లో మా ఆయన, పక్కన కొడుకు. ఆమె వాళ్ళ వీపుల వైపు చూసింది. నేను ఏమీ అనలేదు.

"మా అమ్మమ్మ కట్టిన గుడి అని రాయి," అంది.

రాశాను. అక్కడ ఇంకా పొద్దున్నే అయినా, నిమిషంలో ఫోన్ మోగింది. "అమ్మమ్మా, మీ అమ్మమ్మ ఎవరు? ఏం కట్టింది? మొత్తం చెప్పు," అని ఆ పిల్ల. స్పీకర్ పెట్టాను. అత్తమ్మ ఈసారి మొదటినుంచి చెప్పింది, వానలు లేని కాడినుంచి. నాకు చెప్పని ముక్కలు కూడా చెప్పింది. సున్నం అంటి నెత్తి పుండ్లు పడితే ఆముదం రాసేవాళ్ళట.

మా ఆయన రేడియో ఆపేశాడు. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ టీ కోసం ఆపి, దిగి, వెనక తలుపు తీసి, తల్లి చేతిలోంచి ఆ కాగితం పొట్లం తీసుకుని విప్పాడు. చపాతీ గట్టిపడిపోయింది. సగం తుంచి కొడుక్కిచ్చాడు.