దుప్పటి కింద వెలుగు

మా మనవడికి పదేళ్ల వయసులో సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వచ్చేది. కంప్యూటరు, ఫోను ఎంతసేపు చూస్తాడని కోడలిని అడిగాను. "ఎనిమిదింటికల్లా రెండూ నా బీరువాలో ఉంటాయి మామయ్యగారూ" అంది. నేను తృప్తిపడి కంటి పరీక్ష వాయిదా వేశాను. వైద్యుడిగా అది నా పొరపాటే.

ఒక రాత్రి వాడి దుప్పటి కింద వెలుగు కనిపించింది. చేతిలో సోనీ పీఎస్‌పీ. ఆడటం లేదు, క్రికెట్ వార్తలు చదువుతున్నాడు! 2005లోనే ఆ ఆటల పరికరానికి బ్రౌజరు చేర్చారని నాకప్పుడే తెలిసింది. తెర 4.3 అంగుళాలు, అడ్డంగా 480 పిక్సెళ్లు, నిలువుగా 272. ఆటల బొమ్మలు ఆ కొలతకే గీసినవి. కంప్యూటరు కోసం తయారైన పేజీని అందులో ఇమిడిస్తే అక్షరాలు ఆవగింజలవుతాయి. వాడు దానిని ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. అంత దగ్గరి చూపుకు కంటిలోని సిలియరీ కండరం బిగిసే ఉండాలి. రెప్పపాటు తగ్గి కన్ను పొడిబారుతుంది కూడా.

పరీక్షలో రెండు కళ్లకూ హ్రస్వదృష్టి తేలింది. ఆ పరికరమే కారణమనలేను; వాళ్ల నాన్నకూ నాకూ మైనస్ అద్దాలే. కానీ ఆరు నెలలు ఆలస్యం చేసింది మాత్రం నేనే.

"ముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"దాని గురించి నువ్వడగలేదుగా తాతయ్యా."