గోడ నిటారుగా నిలబడాలంటే

యాకుత్‌పురా గల్లీలో ఏదైనా పాత ఇంటి ముందు నిలబడి ఫోన్‌తో ఫొటో తీసి చూడండి. గల్లీ ఇరుకు, ఇల్లు ఎత్తు. మొత్తం పట్టాలంటే ఫోన్ పైకెత్తాలి. ఎత్తగానే గోడలు పైన దగ్గరైపోయి, ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. యాప్‌లో సరిచేయొచ్చు. కానీ సాగదీసిన చోట వివరం పలచబడుతుంది.

అందుకే నేను వ్యూ కెమెరా మోస్తున్నా. ముందు లెన్స్, వెనక గరుకు గాజు పలక, మధ్యలో మడతల తిత్తి. కెమెరాను నిటారుగా ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరపొచ్చు. గోడలు వంగవు, మిద్దె అంచు కూడా ఫ్రేములోకి వస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఇక్కడి భవనాలను తీసింది కూడా ఇలాంటి పెద్ద కెమెరాలతోనే, గాజు ప్లేట్ల మీద.

ఇప్పుడు ప్లేట్లు లేవు. 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లున్నాయి గానీ, ధర చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. అందుకని వెనక పాత డిజిటల్ బ్యాక్ తగిలించా. ఫేజ్ వన్ పీ25, 2004 నాటిది, 22 మెగాపిక్సెల్. ‘మా ఫోన్‌లో 200 ఉన్నాయి’ అని నవ్వకండి. దీని సెన్సర్ 49×37 మిల్లీమీటర్లు, ఫోన్‌లోది గోరంత. కొత్తప్పుడు కారు ఖరీదు చేసిన వస్తువు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అందులో చిన్న వంతుకే దొరుకుతుంది.

చిక్కులు లేవా అంటే బోలెడు. సెన్సర్ ఆ ఫిల్మ్ షీట్‌లో ఏడో వంతే. షీట్‌కి మామూలు లెన్స్ అయిన 150 ఎంఎం దీనికి దూరపు లెన్స్ అయిపోతుంది. గల్లీలో వెనక్కి జరగడానికి చోటేది? అందుకే 65 ఎంఎం వాడి, లెన్స్‌ను కదపకుండా బ్యాక్‌ను పక్కకు జరుపుతూ మూడు షాట్లు తీస్తా. కలిపితే వెడల్పు దాదాపు రెట్టింపు. లెన్స్ కదలదు కాబట్టి అతుకు చక్కగా కూర్చుంటుంది. మధ్యలో బండి వెళ్లిందా, మళ్లీ మొదటి నుంచే. అంచుల్లో రంగు మారుతుంది కాబట్టి, లెన్స్ ముందు పాలరంగు ప్లాస్టిక్ పలక పెట్టి ఇంకో షాట్ తీసి, దాని ఆధారంగా సరిచేయాలి. గాజు పలక, సెన్సర్ ఒకే తలంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫొటో మసకే.

ఇంత కష్టం ఎందుకంటే, పాత నగరం గోడకు 13 దర్వాజాలు ఉండేవి. పక్కనే ఉన్న దబీర్‌పురా దర్వాజా ఇంకా నిలబడే ఉంది. యాకుత్‌పురా దర్వాజా మాత్రం పేరుగానే మిగిలింది, బస్తీకీ రైల్వే స్టేషన్‌కీ. పాత ఇళ్లూ అదే దారిలో ఉన్నాయి. అన్నదమ్ముల పంపకాల్లో ఒకటి, అపార్ట్‌మెంట్ కోసం ఇంకొకటి. పడగొట్టబోయే ఒక ఇంటి పెద్దాయనకు పెద్ద ప్రింటు తీసి ఇచ్చా. డంగు సున్నం కమాను మీద వేలు నడిపించి, ‘‘బేటా, మా నాయన కొట్టిన మేకు కూడా ఉంది ఇందులో’’ అన్నాడు.

మీ దగ్గర ఈ సరంజామా లేకపోయినా పర్లేదు. ఎదురింటివాళ్లను అడిగి మేడ ఎక్కండి. గోడకు సగం ఎత్తు చేరాక, ఫోన్ వంచకుండా నిటారుగా పట్టుకుని తీయండి. ఇల్లు ఉన్నప్పుడే.