వెళ్లేటప్పుడే కాదు, వచ్చినప్పుడు కూడా



మిలిటరీలో ఉన్న బిడ్డ సెలవు ముగించుకొని వెళ్తుంటే మేము మోకరించి ప్రార్థిస్తాము. క్షేమంగా ఇల్లు చేరాడంటే స్తోత్రం చెప్పి ఊరుకుంటాము.

2002 వేసవిలో అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్ సైనికుల కుటుంబాల్లో ఆరు వారాల్లోనే నలుగురు భార్యలు భర్తల చేతుల్లో హతులయ్యారు. ఆ భర్తల్లో ముగ్గురు ఆఫ్ఘనిస్తాన్ నుండి తిరిగి వచ్చినవారే. ఎదురుచూపు తీరిన రోజే కొన్ని ఇళ్లలో భయం మొదలవుతుంది.

చాలా ఏళ్ల క్రితం ఒక సహోదరి భర్త సెలవులో కొట్టిన దెబ్బలతో మా దగ్గరకు వస్తే, "నెల రోజులే కదమ్మా, ఓర్చుకో" అన్నాము. అది మా పాపము. ప్రభువు మమ్మును క్షమించును గాక.

అమ్మా, దెబ్బలు ఓర్చుకోవడం భక్తి కాదు. పాస్టరమ్మగారితో చెప్పండి, 181కి ఫోన్ చేయండి. ఇకపై అతను ఇల్లు చేరిన రోజున కూడా ప్రార్థిద్దాము, ఆ ఇంటి తలుపు తడదాము. ఆమేన్.