తలకు పండగ పడదు

డెల్టా వాళ్ల సంక్రాంతి వేరు, మా మెట్టవాళ్ల సంక్రాంతి వేరు. అక్కడ వరి ఇంటికి చేరాక చేతులు దులుపుకుని పండగ చేసుకుంటారు. ఇక్కడ నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఎటు చూసినా మిరప కోతలు అప్పుడే అందుకుంటాయి. కూలీల సంగతి చూడాలి, కల్లంలో కాయ ఆరబోయించాలి, తాలుకాయ ఏరించాలి, ఆ సందులోనే అరిసెలకు బియ్యం నానబొయ్యాలి. ఇన్ని పనులున్న ఇంట్లో ఒకరికి పార్శ్వనొప్పి ఉంటే అది సరిగ్గా భోగి ముందురోజే ఎందుకొస్తుందని అడగనక్కర్లేదు. రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ నొప్పి ఉన్న తల మహా ఛాందసమైనది. రోజూ ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు తిండి, ఒకే వేళకు కాఫీ కావాలి దానికి. మంచికైనా సరే, మార్పంటే గిట్టదు. పండగంటేనేమో అంతా మార్పే. ధనుర్మాసమంతా తెల్లవారకముందే గుడి మైకు లేపుతుంది. స్నానం, పూజ, నైవేద్యం అయ్యేదాకా ఇల్లాలు పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆకలి చచ్చిపోయాక నాలుగు మెతుకులు తింటుంది. రాత్రికి హైదరాబాదు వాళ్లు. పండగ ముందు ఆ రోడ్డు మీద టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరడం ఏటా పేపర్లో ఫొటో పడే సంగతే. "చిల్లకల్లు దాటాం వదినా, మాకోసం మేలుకోవద్దు" అని అర్ధరాత్రి ఫోను. మేలుకోవద్దని చెప్పడానికి నిద్ర లేపడం మావాళ్లకే చెల్లింది.

ఈ నొప్పికి వేసుకునే మాత్రకు అదను ఉంది. అరిసెల పాకం పట్టినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గిన్నెలో నీళ్లు పోసి, పాకం బొట్టు వేసి, వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. తడిపిండి అప్పుడే పడాలి. కాస్త ముదిరిందా, అరిసె రాయే. మాత్ర సంగతీ అంతే. పార్శ్వనొప్పి ముదిరేకొద్దీ కడుపు కదలిక మందగిస్తుంది. అప్పుడు మింగిన మాత్ర లోపల పడి ఉంటుందే గాని తొందరగా ఒంటికి పట్టదు. మామూలు నొప్పి మాత్రలైనా, 1990ల నుంచి వాడుకలో ఉన్న సుమాట్రిప్టాన్ లాంటివైనా నొప్పి చిన్నగా ఉండగానే పడాలి. (గుండెజబ్బున్నవాళ్లు ఈ రెండో రకం జోలికి పోకూడదు.) చిక్కేమిటంటే రెండు అదనులూ ఒకేసారి వస్తాయి. కుడి కణతలో తొలి పోటు, పొయ్యి మీద పాకం. ఏ ఇంట్లోనైనా గెలిచేది పాకమే.

అలాగని మాత్రల డబ్బా కొంగున కట్టుకుని తిరిగినా ప్రమాదమే. నెలలో పది పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగుతూ పోతే చివరికి అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. మా వైపు కార్తీకం మొదలైతే ఇక తెరిపి ఉండదు. ఉపవాసాలు, ముక్కోటి, సంక్రాంతి, మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు, ఆ వెనకే శివరాత్రి జాగారం. నొప్పి మాటిమాటికీ వచ్చేవాళ్లకు ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటి నివారణ మందులు డాక్టర్లు చూసి రాస్తారు. అవి వారాల తరబడి వాడితేగాని గుణం చూపించవు. అంటే సంక్రాంతి మందు కార్తీకంలోనే మొదలుపెట్టాలి. భోగినాడు డాక్టరు గుర్తొచ్చి లాభం లేదు. ఎన్నడూ లేనంత నొప్పి పిడుగులా పడినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినట్టున్నా, జ్వరంతో మెడ బిగిసినా అది మన పాత చుట్టం కాకపోవచ్చు. పండగని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆడవాళ్లకు ఈ జబ్బు మగవాళ్లకంటే మూడింతలు ఎక్కువ. పండగ పని ఎన్నింతలు ఎక్కువో ఎవరూ లెక్క తియ్యలేదు. నాకు తోచేదేమిటంటే, మా ఇళ్లలో కరువు మందుకు కాదు, సెలవుకు. ఈ మధ్య అరిసెలు జగ్గయ్యపేటలో ఆర్డరిచ్చి చేయించుకుంటున్నాం. పూజకు ముందే నేను రెండిడ్లీలు తినేస్తున్నాను. "నైవేద్యానికి ముందు తినేది చంటిపిల్లలూ జబ్బుమనుషులూనే, నువ్వే కోవలోకొస్తావే?" అంది మా అత్తయ్య. "రెండో కోవ, అత్తయ్యా" అన్నాను. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ సామెతను నాకూ వర్తింపజేసుకున్నాను. హడావుడి తగ్గిన మర్నాడే పోటు ఎత్తుకునేవాళ్లు చాలామంది. అందుకని ఆ రోజూ పొద్దెక్కేదాకా పడుకోను, మామూలు వేళకే లేస్తాను. గారెలు మాత్రం మావారు వేస్తారు. చిల్లు మధ్యలో పడదు, ఏం ఫర్వాలేదు.

వాసనలతోనే తంటా. భోగిమంటలో ఎవరో సైకిల్ టైరు పడేస్తారు. వచ్చిన చుట్టాల సెంటు వాళ్లకంటే ముందే వంటింట్లోకొస్తుంది. తల పట్టుకోగానే ఒకరు అమృతాంజనం సీసా మూత తీస్తారు. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందది. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. 2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లా చేశారు గాని, పాత కృష్ణా లెక్కన ఆయన మావాడే. తెలుగువాళ్ల తలనొప్పులు తెలుగు పత్రికను పోషించాయన్నమాట. పత్రికల్లో రాసుకునేదాన్ని, ఆ సీసాను తీసిపారెయ్యలేను. కానీ ఘాటు పడని తలలూ ఉంటాయి, నాదొకటి.

అన్నిటికంటే పెద్ద అపవాదు మిఠాయి మీద. "నిన్న బొబ్బట్లు తింది, ఇవాళ పడుకుంది" అంటారు. నొప్పికి ఒక రోజు ముందే తీపి మీదకు మనసు పోవడం, ఊరికే ఆవులింతలు రావడం చాలామందికి ఉంటుంది. బొబ్బట్టు నొప్పిని తెచ్చిందో, లోపల మొదలైన నొప్పే బొబ్బట్టు తినిపించిందో ఎవరు చెప్పొచ్చారు? ఆవులింతలంటే మా అత్తయ్యకు మాత్రం ఒకటే అర్థం, దిష్టి. వెంటనే రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తుంది. మిరపకు కొదవలేని ఊరు, గుప్పెడంటే గుప్పెడే. ఆ ఘాటు ముక్కులో, కంట్లో ఏ నాడిని పొడుస్తుందో ఈ నొప్పిని మోసేదీ ఆ నాడే, ట్రైజెమినల్. అందుకని ఈసారి ఉప్పుతోనే సరిపెట్టమన్నాను.

"ఉప్పుకి ఘాటెట్లా వస్తుందే? మిరపకాయ వేస్తే ఘాటు రావాలి, రాకపోతే దిష్టి తగిలినట్టు. ఉత్త ఉప్పు వేస్తే ఉందో లేదో తెలిసేదెట్లా?" అంటుంది ఆవిడ.