చింతగింజలు చెప్పిన పాఠం



"కంప్యూటర్ పీరియడ్‌లో చింతగింజలతో ఆటలేంటి మేడమ్? పరీక్షలో వస్తుందా?" అని మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడిగారు. పరీక్షలో రాదు. అయినా ఎందుకు చేశామో చెప్తాను.

దీన్ని ఏజెంట్ బేస్డ్ మోడలింగ్ అంటారు. గుంపులో ఒక్కొక్కరికీ ఒక చిన్న నియమం ఇచ్చి, అందరూ దాన్ని పాటిస్తే ఏమవుతుందో చూడటం. మేము చేసింది అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో వివరించిన మోడల్. చదరంగం బోర్డు మీద 20 చింతగింజలు, 20 శనగలు కలగలిపి పెట్టాం. చుట్టుపక్కల గింజల్లో మూడో వంతు తన రకమైతే గింజ కదలదు. లేకపోతే ఖాళీ గడికి మారుతుంది. అంతే.

"మూడో వంతే కదా, కలిసే ఉంటాయి" అన్నారు పిల్లలు. కాసేపటికి చింతగింజలు ఒక పక్కకి, శనగలు ఇంకో పక్కకి చేరాయి. కొన్ని శనగలు నోళ్ళలోకీ చేరాయనుకోండి! తర్వాత నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూశాం. ఒక్కొక్కరు కోరింది 30 శాతమే, చివరికి పక్కన చేరిన తమవాళ్ళు సుమారు 70 శాతం.

అప్పుడు ఒక అమ్మాయి మెల్లగా అంది: "మేడమ్, లంచ్‌లో మనమూ ఇంతే కదా!"

నిజమే. హాస్టల్ పిల్లలు ఒకవైపు, డే స్కాలర్లు ఒకవైపు. ఏడాది మధ్యలో చేరిన ఒక పాప మాత్రం ఒంటరిగా తింటోంది. ఎవరో కావాలనే దూరం పెట్టారనుకుని నేను ఇద్దరిని గట్టిగా కోప్పడ్డాను కూడా. చెడ్డ ఉద్దేశం లేకపోయినా ఇలా జరగొచ్చని ఆ బోర్డు చూశాకే తట్టింది. ఆ ఇద్దరికీ క్లాసులోనే సారీ చెప్పాను.

"గింజలకి ఆలోచన లేదు మేడమ్, మనకుంది కదా" అన్నాడు ఒక బాబు. మోడల్‌కి ఉన్న హద్దు అదే. ఆ మాట మీదే పిల్లలు కొత్త నియమం పెట్టుకున్నారు: శుక్రవారం చీటీలు తీసి, వచ్చిన చోట కూర్చుని తినాలి.

మొదటి వారం అంతా మౌనంగా తిన్నారు. మొన్న శుక్రవారం మాత్రం అందరికంటే ముందు ఆ పాప క్యారేజీయే ఖాళీ అయింది. హాస్టల్ పిల్లలకి ఇంటి వంట దొరికితే ఆగుతారా! వాళ్ళమ్మగారికి ఒక మనవి: శుక్రవారం కూర కొంచెం ఎక్కువ పెట్టండి.

— 8వ తరగతి కంప్యూటర్ టీచర్