ఒక మగ్గు ఇసుక

పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగ్, మధ్యాహ్నం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం నారాయణగూడ మీదుగా నడుచుకుంటూ హాస్టల్. ఇదీ మా దినచర్య. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువొక్కటే చాలదు. 7.26 కిలోల గుండు కూడా విసరాలి. జిమ్ ఫీజు కట్టే స్తోమత లేక గోనెసంచిలో ఇసుక పోసుకుని ఎత్తేవాళ్లం.

మొదటి వారమే పందెం కట్టి సంచి నిండా పోశాం. మాలో ఒకడికి నడుం పట్టేసింది. ఆ ఏడు అతని ఈవెంట్స్ పోయాయి. అతని ముందు తలెత్తలేకపోయాం.

తర్వాత లైబ్రరీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి గురించి చదివాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమే. చివరిసారి 130 నుంచి ఏకంగా 137.5 కిలోలకు ప్రయత్నించారు. అది లేవలేదు. స్వర్ణ, రజత విజేతల మొత్తం 242.5 కిలోలే!

పోటీలో సాహసం తప్పదు. సాధనలో మాత్రం తొందర పనికిరాదని మాకు అర్థమైంది. పన్నెండుసార్లు తేలిగ్గా ఎత్తగలిగితేనే మరో మగ్గు ఇసుక పోయాలని, లేకుంటే అదే బరువని నియమం పెట్టుకున్నాం. విశ్రాంతిలోనే కండ బలపడుతుంది కనుక రోజు విడిచి రోజు ఎత్తాం.

నడుం బాగయ్యాక మా మిత్రుడు ఖాళీ సంచితో మొదలుపెట్టాడు. మరుసటి నోటిఫికేషన్‌లో గుండు గీత దాటించాడు.

తమ్ముళ్లారా, పుస్తకాలకూ ఇదే లెక్క. రోజుకో మగ్గు చాలు.